గడ్డ ఆరాయిడ్లా, పాకే ఆరాయిడ్లా? దక్షిణ తెలంగాణ ఎండలకు ఏ వర్గం తగినది

బత్తాయి తోట, నల్లగొండ

సభ్యులందరికీ నమస్కారం. చేమ కుటుంబపు మొక్కలను, అంటే ఆరాయిడ్లను, పెంచే మనలో చాలా కాలంగా రెండు వర్గాలున్నాయి. కంద, చామగడ్డ, కెలేడియం వంటి గడ్డ మొక్కలను ఇష్టపడేవారు ఒకవైపు, మనీ ప్లాంట్, మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, సింగోనియం వంటి తీగలను ఇష్టపడేవారు మరోవైపు. కలిసినప్పుడల్లా ఈ వాదన మొదలై మధ్యలోనే ఆగిపోతోంది కనుక, ఈసారి కారణాలతో సహా రాసుకుందామని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను. ఒక్క నియమం మాత్రం కోరుతున్నాను. కేరళలోనో బెంగళూరులోనో ఏది బాగా పెరుగుతుందన్నది మనకు ప్రమాణం కాకూడదు. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండ, మధ్యాహ్నం వీచే వడగాలి, తొందరగా ఆరిపోయే చల్క నేల, బోరు నీళ్లు, ఇవన్నీ లెక్కలోకి తీసుకుని మాట్లాడాలి.

నేను గడ్డ వర్గం. కంద మొక్క ఏడాది నడక మన నేల ఏడాది నడకతో సరిపోయినంతగా మరే ఆరాయిడ్ నడకా సరిపోదని నా నమ్మకం. తొలకరికి మొలక లేస్తుంది, వానాకాలమంతా ఒక్కటే పెద్ద ఆకు గొడుగులా విప్పుకుని ఉంటుంది, చలికాలం మొదలయ్యేసరికి ఆకు పసుపుబారి వాలిపోతుంది, ఆ తరువాత గడ్డ మట్టిలోనే నిద్రిస్తుంది. మనకు నీళ్లు లేని నెలల్లో దానికి నీళ్లు అక్కరలేదు. చామగడ్డకు తడి ఎక్కువ కావాలి కనుక దానిని కాలువ గట్టునే ఉంచుతాను. కందకు ఆ బాధ కూడా లేదు.

మిద్దె పందిరి, మహబూబ్‌నగర్

బత్తాయి తోట గారికి నమస్కారం. మీరు పెట్టిన నియమం న్యాయమైనదే, నేను దానికి కట్టుబడే సమాధానం చెబుతాను. అయితే ఏడాదిలో నాలుగైదు నెలలు కుండీలో మట్టి తప్ప మరేమీ కనిపించని మొక్కను ఇంటి మొక్కగా ఎలా మెచ్చుకోవాలో నాకు తెలియదు. ఎండాకాలంలోనే కదా మనిషి కంటికి పచ్చదనం అవసరం.

తీగ ఆరాయిడ్లలో నన్ను కట్టిపడేసిన గుణం రూపం మార్చుకునే శక్తి. మనందరి కిటికీల్లో సీసాల్లో పెరిగే మనీ ప్లాంట్ ఫ్రెంచ్ పాలినీషియాలోని మొరేయా ద్వీపానికి చెందినది. కిందికి వేలాడదీస్తే దాని ఆకు అరచేయంత దాటదు. అదే తీగకు గరుకైన మాను దొరికి, గాలి వేళ్లు పట్టుకుని, పైకి పాకడం మొదలైతే ప్రతి కొత్త ఆకూ పాత ఆకు కంటే పెద్దదై, చివరికి 60 సెంటీమీటర్లు దాటి, అంచుల నుంచి చీలికలు తీస్తుంది. చూసేవారు అది వేరే మొక్క అనుకుంటారు. సింగోనియం కూడా అంతే, చిన్నప్పుడు బాణం మొనలా ఉన్న ఆకు ఎక్కిన కొద్దీ పాయలు పాయలుగా విడిపోతుంది.

దీనికంటే ఆశ్చర్యకరమైన సంగతి మాన్‌స్టెరా జాతుల మొలకలది. అడవిలో నేల మీద మొలిచిన మొలక వెలుగు వైపు కాక చీకటి వైపు పాకుతుందని 1975లో వెలువడిన పరిశోధన చూపింది. ఆ మొలకకు ఎటువైపు ఎక్కువ చీకటిగా ఉంటే అటు పెద్ద మాను ఉన్నట్టు. మానును తాకి ఎక్కడం మొదలుపెట్టాక దాని స్వభావం మారి వెలుగును కోరుకుంటుంది. గడ్డలో ఎంత పిండి దాచుకున్నా, ఎటు వెళ్లాలో ఇంత చక్కగా తేల్చుకునే మొలకను నేను మరెక్కడా చూడలేదు.

ఇక ఎండ సంగతి. మా మిద్దె మీద ఉత్తరం గోడకు ఆనుకుని, పైన 75 శాతం షేడ్ నెట్ కట్టి, కుండీలను స్లాబుకు తగలకుండా ఇనుప స్టాండ్ల మీద ఉంచి, రోహిణి కార్తె మొత్తం తీగలను కాపాడుకుంటున్నాను. ఆకులను కాల్చేది చాలావరకు నేరుగా పడే ఎండ కాదు, కాలిన స్లాబు నుంచి రాత్రిదాకా లేచే వేడి.

మిర్యాలగూడ మట్టి

ఇద్దరి వాదనా బాగుంది. నేను ఏ వర్గమో ఇంకా తేల్చుకోలేదు కానీ, మట్టి గురించి చెప్పగలను. ఆరాయిడ్లు రెండు రకాలూ చచ్చేది ఎక్కువగా వేరు కుళ్లు వల్లే, నీళ్లు చాలకపోవడం వల్ల కాదు. మన దగ్గర కొబ్బరి పొట్టు ఇటుకలు కొనాలి. రైస్ మిల్లుల పక్కన ఊక బూడిద మాత్రం ఊరికే దొరుకుతుంది. పూర్తిగా తెల్లగా కాలిన బూడిద కాకుండా నల్లగా మాడిన ఊకను తెచ్చి, రెండు మూడు సార్లు నీటితో కడిగి, ఎర్రమట్టిలో మూడో వంతు కలిపితే నీరు నిలవదు, తేమ మాత్రం నిలుస్తుంది. కడగకుండా కలిపితే క్షారగుణం ఎక్కువై కొత్త ఆకులు పాలిపోతాయి. తీగలకు ఇంకా గరుకుగా ఉండాలి కాబట్టి ఇటుక ముక్కలు, బొగ్గు ముక్కలు కూడా వేయాలి.

తీగ పాకడానికి మాస్ పోల్, అంటే నాచు చుట్టిన కర్ర, కొనవలసిన పని లేదు. పీవీసీ పైపుకు పాత గోనె సంచిని రెండు మూడు పొరలుగా చుట్టి, సుతిలి తాడుతో బిగించి, పైనుంచి రోజూ తడిపితే గాలి వేళ్లు చక్కగా పట్టుకుంటాయి. గోనె ఒక ఏడాదిలో చీకిపోతుంది, అప్పుడు దాని మీదే మరో పొర చుట్టాలి.

ఒక సందేహం. మా పెరట్లోని వస మొక్క గడ్డ వర్గంలోకి వస్తుందా?

వృక్షశాస్త్ర పాఠం, వనపర్తి

వస గురించి ముందుగా. ఒకప్పుడు వసను ఈ కుటుంబంలోనే చేర్చేవారు, ఎందుకంటే దాని పూలు కూడా లావు కాడ మీద కిక్కిరిసి ఉంటాయి. తరువాత దానికి వేరే కుటుంబం, వేరే క్రమం కూడా ఏర్పరచారు. ఏకదళ బీజాల వంశవృక్షంలో మిగిలిన అన్నిటికంటే ముందే విడిపోయిన కొమ్మ అది. కాబట్టి మిర్యాలగూడ మట్టి గారు దానిని ఏ వర్గంలోనూ చేర్చనవసరం లేదు. అందుకు భిన్నంగా, మన చెరువుల మీద తేలే అంతరతామర మాత్రం నిజమైన ఆరాయిడే. ఈ కుటుంబంలో 3,700కు పైగా జాతులున్నాయి, గడ్డ, తీగ అన్నవి వాటి అనేక జీవన విధానాల్లో రెండు మాత్రమే.

గడ్డ వర్గం వారు తమ మొక్కలోని అసలు విశేషాన్ని చెప్పకుండా వదిలేశారని నాకనిపించింది. కంద గడ్డ మనం అనుకున్నట్టు ఏటా లావెక్కే ఒకే గడ్డ కాదు. అది కుదించుకుపోయిన కాండం. కొత్త ఆకు లేచేటప్పుడు పాత గడ్డలోని పిండి అంతా ఆ ఆకుకు ఖర్చవుతుంది, పాతది ముడుచుకుపోతుంది, ఆకు సంపాదించిన దానితో దాని పైనే పూర్తిగా కొత్త గడ్డ తయారవుతుంది. అంటే ప్రతి వానాకాలం ఆ మొక్క తన ఆస్తి మొత్తాన్ని ఒకే ఆకు మీద పెడుతుంది. ఆగస్టులో గాలివానకు ఆ ఆకు కాడ విరిగితే ఆ ఏటి గడ్డ చిన్నదే అవుతుంది. అందుకే కంద చుట్టూ గాలి ఆపు ఉండాలని నేను పట్టుబడతాను.

రెండో విశేషం వేడి. ఆరాయిడ్ పూగుత్తి మధ్యలో ఉండే స్పాడిక్స్ అనే కంకి, పూసే వేళ చుట్టూ ఉన్న గాలికంటే వెచ్చబడుతుంది. యూరప్‌లోని ఒక ఆరమ్ జాతిలో ఈ వేడిని 18వ శతాబ్దంలోనే లామార్క్ గుర్తించాడు. ఆ వేడిని రగిలించే సంకేతం సాలిసిలిక్ ఆమ్లమేనని 1987లో తేలింది. ఆ పరిశోధన జరిగిన సౌరోమేటమ్ కూడా గడ్డ మొక్కే, మన దేశపు మొక్కే. ఆ వేడికి కుళ్లిన మాంసం వాసన గాలిలో వ్యాపించి ఈగలను, పేడపురుగుల వంటి కీటకాలను రప్పిస్తుంది. అవి వచ్చేసరికి ఆడపూలు సిద్ధంగా ఉంటాయి, మగపూలు మరునాడు పుప్పొడి రాలుస్తాయి, అందువల్ల స్వపరాగ సంపర్కం తప్పుతుంది. మా విద్యార్థులకు ఈ పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో బొమ్మ చూపడం కంటే పూసిన కంద దగ్గరికి తీసుకెళ్లడమే నాకు ఇష్టం, వాసన భరించవలసి వచ్చినా సరే.

అయితే నేను తీర్పు చెప్పడం లేదు. ఇంకా వినవలసినవారున్నారు.

మిద్దె పందిరి, మహబూబ్‌నగర్

మేడమ్ గారు చెప్పినది చదివాక కంద మీద నాకు గౌరవం పెరిగిందని ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పువ్వును ఇంట్లో ఉంచలేమన్నది కూడా అంతే నిజం. ఎవరైనా మనీ ప్లాంట్ పూయదని ఆక్షేపించే ముందే చెబుతున్నాను. అవును, అది దాదాపు పూయదు. సహజంగా పూసినట్టు నమోదైన చివరి సందర్భం 1964 నాటిది. కారణం 2016లో తెలిసింది. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోన్‌ను తయారుచేసే జన్యువు దానిలో సరిగా పనిచేయడం లేదు. బయటి నుంచి ఆ హార్మోన్ అందిస్తే పూస్తుంది. పూత లేకుండా, గింజ లేకుండా, కేవలం ముక్క నుంచి ముక్కగా ప్రపంచమంతా వ్యాపించిన మొక్కను బలహీనమైనదని నేను అనలేను. కొన్ని దేశాల అడవుల్లో అది కలుపుగా మారిందంటే దాని బలం ఎంతటిదో తెలుస్తుంది. అందుకే మా వాళ్లకు నేను చెప్పేది, కత్తిరించిన తీగలను చెరువు గట్ల మీద, గుట్టల్లో పారేయవద్దని.

మాన్‌స్టెరా డెలిసియోసా పూస్తుంది, కాస్తుంది కూడా. దాని కాయ పండడానికి ఏడాది లేదా అంతకంటే ఎక్కువ పడుతుంది. పైపొలుసులు వాటంతట అవే రాలిన భాగమే తినాలి. పచ్చిగా తింటే నోరు మండుతుంది. మన దగ్గర కాయ పట్టేంత తేమ దొరకడం కష్టం, అది నేను దాచను.

బత్తాయి తోట, నల్లగొండ

మేడమ్ గారికి కృతజ్ఞతలు. గడ్డ మారుతుందని రైతుగా నాకు తెలుసు, ఆకు మీద ఆస్తి అంతా పెట్టడమన్న మాట మాత్రం ఇకపై నేను కూడా వాడుకుంటాను.

గడ్డ వర్గం తరఫున నేను చెప్పదలచినది తోట లెక్క. మా బత్తాయి చెట్ల మధ్య ఖాళీల్లో కందను అంతర పంటగా వేస్తున్నాను. బత్తాయిలో పూత రప్పించడానికి డిసెంబరు, జనవరి నెలల్లో నీరు నిలిపి చెట్లను బెట్టకు వదులుతాం. ఆ సమయానికి కంద ఆకు వాలిపోయి గడ్డ తవ్వకానికి సిద్ధంగా ఉంటుంది, దానికీ నీరు అక్కరలేదు. చెట్ల మధ్య పడే పల్చని నీడ దానికి సరిపోతుంది. నేను వేసేది గజేంద్ర రకం. గోదావరి జిల్లాల్లోని కొవ్వూరులో ఎంపిక చేసిన ఈ రకానికి దురద తక్కువ. అర కిలో నుంచి కిలో దాకా ఉండే ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ నడిమి మొగ్గలో కొంత భాగం ఉండేలా చూసి, పేడ నీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టి, మూడు అడుగుల దూరంలో నాటుతాను. నాటిన ముక్క బరువుకు నాలుగు రెట్లు గడ్డ రావడం మామూలే. తీగ మీద ఆకులు ఎంత పెద్దవైనా వంటింట్లోకి రావు కదా.

మిర్యాలగూడ మట్టి

బత్తాయి తోట అన్నా, ఒక హెచ్చరిక. కంద తవ్వేటప్పుడు గడ్డపార లోతుగా దిగుతుంది. బత్తాయి పీచు వేళ్లు పై అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. వేళ్లు తెగిన చోట నుంచి, మొదలు దగ్గర తడి నిలిచిన చోట నుంచి బంక తెగులు మొదలవుతుంది. కొమ్మల నీడ అంచుకు బయట మాత్రమే కంద వేయమని నా మనవి. లేత తోటల్లో అయితే పరవాలేదు.

బత్తాయి తోట, నల్లగొండ

నిజమే, అలాగే చేస్తున్నాను. ముదురు చెట్ల కింద వేయడం లేదు. కొత్తవారు చదువుతారు కనుక మీరు రాయడం మంచిదైంది.

నల్లమల బాట, అచ్చంపేట

ఆలస్యంగా చేరుతున్నాను. మన అడవి ఏ వర్గం వైపు ఉందో కూడా ఆలోచించాలి. దక్షిణ భారతంలోని పొడి ఆకురాల్చు అడవుల్లో సహజంగా ఉండే ఆరాయిడ్లు ఎక్కువగా గడ్డ రకాలే. అడవి కంద జాతులు పొడి కాలాన్ని మట్టి కింద గడిపి, వానలకు ముందు పూవు, వానలతో ఆకు తీస్తాయి. తీగ ఆరాయిడ్లలో మన దేశానికి చెందిన పోతోస్ స్కాండెన్స్ వంటివి పడమటి కనుమలు, ఈశాన్య భారతం వంటి తడి అడవులను కోరుకుంటాయి. ఈ లెక్కన మన నేల తీర్పు గడ్డ వైపే అని నేను భావిస్తున్నాను.

అయితే ఒక విన్నపం ఉంది, ఇది నాకు వాదన కంటే ముఖ్యం. అడవి కంద కావాలని నల్లమలకు వచ్చి తవ్వుకుపోవాలని ఎవరూ అనుకోవద్దు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మొక్కను పెకలించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా అడవి గడ్డలను ఆహారంగా తెచ్చుకునే చెంచులు ఏ గడ్డను ఎప్పుడు తవ్వాలో, ఎంత భాగం తిరిగి మట్టిలో వదలాలో తెలిసినవారు. సరదా కోసం తవ్వేవారికి ఆ తెలివిడి ఉండదు. పూసినప్పుడు ఫోటో తీసుకుని రండి, గడ్డ అక్కడే ఉండనివ్వండి.

గద్వాల కుండీలు

నేను కొత్త సభ్యురాలిని. మా బోరు నీళ్లతో కుండీల అంచున తెల్లని పొర కడుతోంది, పీస్ లిల్లీ ఆకుల చివరలు మాడుతున్నాయి. గడ్డ రకాలకు ఈ ఇబ్బంది తక్కువ ఉంటుందా?

వృక్షశాస్త్ర పాఠం, వనపర్తి

అమ్మా, స్వాగతం. తెల్లని పొర ఎక్కువగా సున్నపు లవణాలది. ఆకు చివర మాడడానికి లవణాలు కారణం కావచ్చు, ఫ్లోరైడ్ కూడా కావచ్చు. నల్లగొండ జిల్లా భూగర్భ జలాల ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు చేసిన హాని మనందరికీ తెలుసు. మొక్కల్లో డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ దానికి బాగా లోబడతాయి, ఆరాయిడ్లలో పీస్ లిల్లీకి కూడా ఆ బాధ ఉంది. ఫ్లోరైడ్ నీటితో పాటు ఆకు కొసకు చేరి అక్కడే పేరుకుంటుంది, వెనక్కి రాదు. ఏటా ఆకు రాల్చేసే గడ్డ మొక్క ఆ ఆకుతో పాటు పేరుకున్నదాన్ని కూడా వదిలించుకుంటుంది. ఏళ్ల తరబడి అదే ఆకు ఉంచుకునే తీగకు, పీస్ లిల్లీకి ఆ వెసులుబాటు లేదు. ఇది గడ్డ వర్గానికి ఒక మార్కు అని ఒప్పుకోవాలి. మీరు వాన నీరు పట్టి ఉంచుకోండి, నెలకోసారి కుండీలో నుంచి నీరు ధారగా కారిపోయేలా పోయండి, సూపర్ ఫాస్ఫేట్ వాడకండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

సూర్యాపేట నర్సరీ

అమ్మకాల వైపు నుంచి ఒక మాట. జీజీ ప్లాంట్‌ను ఏ వర్గంలో వేస్తారు? తూర్పు ఆఫ్రికా పొడి నేలల ఆరాయిడ్ అది. మట్టి కింద బంగాళదుంపల్లాంటి లావు కాండం, పైన మెరిసే ఆకులు, ఏడాది పొడవునా పచ్చదనం. మా దగ్గర వేసవిలో ఫిర్యాదు రాని మొక్క అంటే అదే. ఒక ఆకు రెబ్బ తెంచి తడి ఇసుకలో గుచ్చినా, నెలలు పట్టినా, దాని మొదట చిన్న గడ్డ కడుతుంది. నా దృష్టిలో అది గడ్డ వర్గమే.

మిద్దె పందిరి, మహబూబ్‌నగర్

సూర్యాపేట అన్నగారూ, ఏడాది పొడవునా ఆకు ఉంచుకునే మొక్కను గడ్డ వర్గంలోకి తీసుకుంటే, నిద్రే తమ బలమన్న బత్తాయి తోట గారి మొదటి వాదన వీగిపోతుంది. అది తీగ కాదు కనుక మా వర్గంలోకి రమ్మని నేను అడగను. దానిని పక్కన ఉంచి పోటీ నియమాలు తేల్చుకుందాం.

నా ప్రతిపాదన ఇది. మృగశిర కార్తె నుంచి మరుసటి మృగశిర కార్తె వరకు ఒక్కో వర్గం నుంచి ఒక్కో మొక్క. అన్ని కుండీలూ ఒకే కొలత, మట్టి మిర్యాలగూడ మట్టి గారు చెప్పిన కలయిక. పోసిన ప్రతి లీటరూ రాసుకోవాలి. నెలకోసారి ఫోటో. చివరికి కంద బరువు ఎన్ని రెట్లయిందో, మనీ ప్లాంట్ ఆకు వెడల్పు ఎన్ని రెట్లయిందో చూద్దాం. పచ్చని ఆకు కనిపించిన నెలలకు కూడా మార్కులుండాలి.

బత్తాయి తోట, నల్లగొండ

పచ్చని నెలలకు మార్కులు ఇవ్వడానికి ఒప్పుకుంటాను, అయితే నీటి లెక్కకు అంతకు రెట్టింపు మార్కులు ఉండాలి. మన ప్రాంతంలో అసలు కొలత నీరే.

మిద్దె పందిరి, మహబూబ్‌నగర్

రెట్టింపుకు ఒప్పుకోను. సమానంగా ఉంచండి.

వృక్షశాస్త్ర పాఠం, వనపర్తి

బరువు పెరుగుదల, ఆకు వెడల్పు పెరుగుదల ఒకే కొలబద్ద మీద నిలవవు. కనుక వాటిని పోల్చకుండా, ఒక్కొక్క వర్గంలోనే మొదటి స్థానం ఇద్దాం. రెండు వర్గాల మధ్య పోటీకి మాత్రం లీటర్లు, పచ్చని నెలలు, ఈ రెండే సమాన మార్కులతో ఉండాలి. నేను ఏ మొక్కా పెట్టను, లెక్కలు చూస్తాను. గద్వాల సభ్యురాలు, నల్లమల బాట గారు కూడా పాల్గొంటే నీటి తేడా కూడా తెలుస్తుంది.

బత్తాయి తోట, నల్లగొండ

మీ మాటకు కట్టుబడతాను. గజేంద్ర ముక్కలు నేనే ఇస్తాను, ఒక్కొక్కటి అర కిలో తూచి, మొగ్గ ఉన్నది చూసి పెడతాను. నల్లగొండ రాగలిగినవారు మే నెలాఖరులోగా వచ్చి తీసుకోవచ్చు, మిగిలినవారికి బస్సు పార్సిల్‌లో పంపుతాను. కోసేవారు చేతులకు నూనె రాసుకోండి, ముక్కలను పిల్లలకు, కుక్కలకు అందకుండా ఉంచండి. మిద్దె పందిరి గారు తీగ ముక్కలు ఇస్తామంటే నా బత్తాయి తోటలో ఉన్న వేప మానుకు ఒకటి ఎక్కిస్తాను.

మిద్దె పందిరి, మహబూబ్‌నగర్

తప్పకుండా ఇస్తాను. రెండు కణుపులు, ఒక గాలి వేరు ఉన్న ముక్కలే పంపుతాను. వేప మానుకు ఉత్తరం వైపున నాటండి, మొదటి వేసవి దాటేవరకు మాను మీద గోనె పట్టా కట్టి తడుపుతూ ఉండండి. ఆ నీరు కూడా మీ లెక్కలో రాయాలి.